ముసురు కాలంలో ఆర్‌డీ 350: నెల్లూరు, ఒంగోలు వైపు పాత స్పోర్ట్స్ బండి సంరక్షణ

పాత స్పోర్ట్స్ మోటార్‌సైకిళ్ళను చలికాలంలో ఎలా కాపాడుకోవాలో చెప్పే పుస్తకాలు ఎక్కువగా మంచు కురిసే దేశాలలో రాసినవి. రోడ్డు మీద చల్లిన ఉప్పును ఎలా కడగాలి, నీళ్ళు గడ్డకట్టకుండా ఏం చేయాలి అన్నవి వాటి దిగుళ్ళు. నెల్లూరులోనో ఒంగోలులోనో బండి పెట్టుకున్నవారికి ఆ సలహాలు పెద్దగా పనికిరావు. మనకు ఉప్పు రోడ్డు మీద ఉండదు, గాలిలో ఉంటుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగినది మొదలు డిసెంబరు చివరిదాకా బంగాళాఖాతంలో వాయుగుండమో తుఫానో ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. ఆ ముసురు వదిలేసరికి ధనుర్మాసపు మంచు మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ బండిని పాడుచేసేది చలి కాదు, చెమ్మ.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి 1989 దాకా తయారుచేసిన ఈ బండిని అందరూ ఆర్‌డీ అనే పిలుస్తారు. ఇంజన్ 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ-స్ట్రోక్. తొలి రకానికి 30.5 హార్స్‌పవర్, తరువాత వచ్చిన రకానికి 27. ఇక్కడ చెప్పే పద్ధతుల్లో చాలావరకు ఆర్‌ఎక్స్ 100కు, పాత జావా, యెజ్డీ బండ్లకు కూడా వర్తిస్తాయి, కొలతలు మాత్రం ఏ బండివి ఆ బండికే చూసుకోవాలి.

ముందుగా ఒక అలవాటు మానుకోవాలి. బండి ఊరికే పడి ఉంటే పాడవుతుందని, వారానికొకసారి వసారాలోనే స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉరిమించి ఆపేసేవారు చాలామంది ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు గాని, టూ-స్ట్రోక్ ఇంజన్‌కు ఇంతకంటే కీడు ఇంకొకటి లేదు. పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్, సైలెన్సర్లు బాగా కాగితే ఆ ఆవిరి బయటికి పోతుంది. కాగకముందే ఆపేస్తే లోపలే చల్లబడి నీటిబొట్లుగా మారుతుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్, అంటే పిస్టన్ కదలికతో గుండ్రంగా తిరిగే ఇరుసు, ఎప్పుడూ ఆయిల్‌తో తడుస్తూ ఉంటుంది. ఆర్‌డీ క్రాంక్‌కు ఆ భాగ్యం లేదు. పెట్రోలుతో పాటు వచ్చే పలచటి ఆయిల్ పొరే దానికి రక్ష. ఐదు నిమిషాల ఉరుములో ఆ పొరను పెట్రోలు కడిగేస్తుంది, మిగిలిన చోట తేమ కూర్చుంటుంది. సంక్రాంతికి కిక్కర్ కొట్టినప్పుడు క్రాంక్ బేరింగుల నుంచి సన్నగా గరగర వినిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

అందువల్ల దారులు రెండే. ఒకటి, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బండిని నిజంగా నడపడం. నెల్లూరు నుంచి పెన్న దాటి కోవూరు దాకా పోయి వెనక్కి రావడం చాలదు. ఒంగోలు నుంచి టంగుటూరు దాకా పోయి వచ్చేంత దూరమైనా నడిస్తే గాని సైలెన్సర్ల చివరిదాకా వేడి చేరదు. అంత తీరిక లేనివారికి రెండో దారి, బండిని పద్ధతిగా పడుకోబెట్టి సంక్రాంతి దాకా ముట్టుకోకపోవడం. ఈ రెండింటికీ మధ్యన ఉన్న సగం సగం పనులే బండిని తింటాయి.

పడుకోబెట్టే పని దసరా, దీపావళుల మధ్య ఎండ కాసే రోజు చూసుకుని మొదలుపెట్టాలి. ఆ రోజు బండిని అరగంట సేపు రోడ్డు మీద నడిపి, వేడిగా ఉండగానే గేర్ ఆయిల్ దించెయ్యాలి. దిగిన ఆయిల్‌ను పళ్ళెంలో పట్టి రంగు చూడండి. నల్లగా ఉంటే మామూలే. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్ళు చేరినట్టు. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసి, నాలుగు కిలోమీటర్లు నడిపి, మళ్ళీ దించి, రంగు తేటపడేదాకా అలాగే చేయాలి. పోయవలసింది 10డబ్ల్యూ-30 రకం ఆయిల్, లీటరున్నర పైచిలుకు పడుతుంది, చివరి కొలత మాత్రం మూతకున్న పుల్ల మీది గీతల ప్రకారమే. కార్లకు వాడే ఆయిల్ చౌకగా దొరికిందని పోస్తే క్లచ్ ప్లేట్లు జారే ప్రమాదం ఉంది.

తరువాత కడగడం. కొత్తపట్నం, మైపాడు వైపు సముద్రపు ఒడ్డుకు పోయి వచ్చిన బండ్లను, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగిన బండ్లను మంచినీళ్ళతో నిదానంగా కడగాలి. మోటారు పెట్టి జోరుగా కొట్టకూడదు, ఆ ఒత్తిడికి నీళ్ళు చక్రాల బేరింగుల్లోకి, బ్రేక్ డ్రమ్ముల్లోకి, ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే స్విచ్చులైన పాయింట్ల మూతలోకి దూరతాయి. ఎండలో పూర్తిగా ఆరిన తరువాత క్రోమ్ మడ్‌గార్డులకు, సైలెన్సర్లకు, చక్రాల పుల్లలకు (స్పోక్‌లకు) పలచగా గ్రీజో వ్యాజిలినో రాయాలి. పుల్లలు రిమ్ములో దిగే చోటును ఎక్కువమంది మరచిపోతారు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు పెట్రోలు సంగతి కాస్త నిలకడగా చూడాలి, ఎందుకంటే పాత మెకానిక్కులు నేర్పిన పద్ధతి ఇప్పటి పెట్రోలుకు సరిపోదు. వెనుకట ట్యాంకు నిండా పోసి పెడితే లోపల గాలికి చోటు లేక తుప్పు పట్టదని చెప్పేవారు, అది నిజమే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్న నీరు ఒక హద్దు దాటగానే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. అడుగునే కదా పెట్రోల్ ట్యాప్ ఉండేది. ఒక ఏడాది డిసెంబరులో నా బండి ట్యాప్ విప్పి గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాను. పైన మూడు వంతులు పసుపు ఛాయ పెట్రోలు, అడుగున రెండు వేళ్ళ మందాన రంగులేని నీరు, మధ్యన గీత గీసినట్టు హద్దు. గ్లాసు ఊపితే ఆ గీత చెదిరి, నిమిషంలో మళ్ళీ అక్కడికే వచ్చి నిలిచింది. ఆ అడుగు నీటితోనే బండిని స్టార్ట్ చేయడానికి అంతకుముందు గంటసేపు కిక్కర్ కొట్టిన కాలు నాదే.

కాబట్టి నెల రోజుల లోపు నిలిపే బండికి ట్యాంకు నిండా పోయండి, అంతకు మించి నిలిపేటట్లయితే ట్యాంకు పూర్తిగా వంచెయ్యండి. వంచిన పెట్రోలును ఇంట్లో మరో బండికి వాడుకోవచ్చు. ఖాళీ ట్యాంకులో వంద మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోలుతో పాటు వాడే ఆయిల్) పోసి, మూత పెట్టి, ట్యాంకును నాలుగు పక్కలకూ తిప్పుతూ గోడలన్నిటికీ పట్టేలా చేయాలి. ఇంజన్‌కు తనంతట తానే ఆయిల్ అందించే ఆయిల్ పంపు తీసేసి పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే బండ్లకు ఈ పని తప్పనిసరి, ఎందుకంటే కలిపిన పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకూడదు. కార్బొరేటర్లలో పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలను, అంటే ఫ్లోట్ చాంబర్లను మాత్రం ఎన్నాళ్ళకు నిలిపినా ఖాళీ చేయవలసిందే. అందులో మిగిలిన చెంచాడు పెట్రోలు ఆవిరై, జిగురుగా మారి, పైలట్ జెట్టును, అంటే తక్కువ వేగంలో పెట్రోలు అందించే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కను మూసేస్తుంది.

మూసుకుపోయిన జెట్టును గుండుసూదితో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఆ సిలిండర్‌కు పెట్రోలు లెక్క తప్పుతుంది. గాలానికి వాడే సన్నటి నైలాన్ తీగ ముక్క చాలు. మన కోస్తాలో ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతుంది. జెట్టును రాత్రంతా కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, మరునాడు తీగతో పొడిచి, ఆకాశం వైపు ఎత్తి చూస్తే గుండ్రటి చుక్క కనబడాలి.

ఆయిల్ పంపు ఉన్న బండికి ఆయిల్ ట్యాంకును ఖాళీ చేయకూడదు, నిండా పోసి ఉంచాలి. పంపు గొట్టాల్లో గాలి చేరితే, బండి మళ్ళీ స్టార్ట్ అయిన కొన్ని నిమిషాల పాటు ఇంజన్‌కు ఆయిల్ అందదు. ఆ కొన్ని నిమిషాల్లోనే పిస్టన్ పట్టేయవచ్చు, అంటే సిలిండర్‌లో ఇరుక్కుపోవచ్చు.

సిలిండర్ల లోపలికి ఆయిల్ పట్టించడం పడుకోబెట్టడంలో అసలు ఘట్టం. ప్లగ్గులు రెండూ విప్పి, వాటిని క్యాపులకు తగిలించి హెడ్డు మీద ఆనించి ఉంచాలి, లేకపోతే తాళం తిప్పి ఉన్నప్పుడు కరెంటు దారి లేక కాయిల్స్ దెబ్బతినవచ్చు. ఒక్కొక్క ప్లగ్ రంధ్రంలో పది మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ పోసి, చేతితోనే కిక్కర్‌ను ఐదారుసార్లు నిదానంగా దించాలి. ఆర్‌డీ పిస్టన్లు 180 డిగ్రీల ఎడంతో నడుస్తాయి. ఒకటి పైనుంటే రెండోది కిందుంటుంది. అందుచేత ఒక పిస్టన్‌ను పైకొసకు తెచ్చి దాని ఎగ్జాస్ట్ దారిని (పొగ బయటికి పోయే దారిని) మూస్తే, రెండోదాని దారి తెరిచే ఉంటుంది. బయటి గాలి సైలెన్సర్ గుండా తిన్నగా క్రాంక్ దాకా పోగలదు కాబట్టి, సైలెన్సర్ మూతులకు ఆయిల్ తడిపిన గుడ్డ కుక్కి మూయాలి. దీనివల్ల కుమ్మరి పురుగులు లోపల మట్టిగూళ్ళు కట్టడం కూడా తప్పుతుంది. కుక్కే గుడ్డ ఎర్రటిదై, జానెడు బయటికి వేలాడుతూ ఉండాలి; సంక్రాంతినాటికి మరచిపోయి కిక్కర్ కొట్టేవారు ఉంటారు.

బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. నిండా ఛార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరు మీద 12.6 దగ్గర చూపిస్తుంది, 12.4కు దిగగానే ఛార్జింగు పెట్టాలి, కరెంటు దాని ఆంపియర్-అవర్లలో పదో వంతుకు మించకూడదు. బ్యాటరీని గచ్చు మీద పెడితే ఛార్జి దిగిపోతుందని మా ఇంట్లో పెద్దలు చెక్క మీద పెట్టించేవారు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ భయం లేదు. బండిని డబుల్ స్టాండు మీద నిలిపి, టైర్లలో నిండా గాలి పట్టించండి. ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పకండి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే పట్టా లోపలివైపు నీరు చెమర్చి, కిందున్న క్రోమ్ మీద కారుతుంది. పాత నూలు దుప్పటి చాలు. వసారాలో జల్లు కొట్టే చోటైతే, దుప్పటి పైన పట్టాను బండికి తగలకుండా గుడారంలా కట్టాలి.

మరమ్మతులకు ఈ మూడు నెలలు మంచి అదను. అన్నిటికంటే ముందు చూడవలసినవి క్రాంక్ ఆయిల్ సీళ్ళు. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ కేసు కూడా పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కి పైకి పంపే పంపులా పనిచేస్తుంది, దానికి గాలి చొరబడని గోడ ఈ సీళ్ళే. పాత సీళ్ళ రబ్బరు ఊరికే పడి ఉన్నా గట్టిబడి పెళుసెక్కుతుంది. కుడిపక్క సీలు పోతే క్లచ్ వైపు నుంచి గేర్ ఆయిల్ లోపలికి లాగుతుంది. తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్ ఆయిల్ ఎక్కడా కారకుండానే తగ్గుతుంది. అది కంటికి కనిపించే రోగం. ఎడమపక్కది పోతేనే ప్రమాదం, ఎందుకంటే అటునుంచి వచ్చేది ఉత్త గాలి. మిశ్రమంలో పెట్రోలు పలచబడి, పిస్టన్ వేడెక్కి, హైవే మీద నాలుగో గేరులోనో ఐదో గేరులోనో ఒక్కసారిగా పట్టేస్తుంది. ముందుగా తెలిసే ముఖ్యమైన గుర్తు ఇది: యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ చప్పుడు వెంటనే దిగకుండా కాసేపు అలాగే పైన వేలాడుతుంది.

సీళ్ళను పరీక్షించడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. పాత బీపీ మిషను రబ్బరు బంతి, ఒత్తిడి చూపే దాని ముల్లు డయలు ఉంటే చాలు. సైలెన్సర్లు, కార్బొరేటర్లు విప్పి, రెండు ఎగ్జాస్ట్ దారులనూ రెండు ఇన్‌టేక్ దారులనూ రబ్బరు బిరడాలతో బిగించి మూయాలి. మధ్య సీలు గుండా గాలి ఒక పక్క నుంచి రెండో పక్కకు జారవచ్చు కాబట్టి రెండు సిలిండర్లనూ కలిపి చూడటమే మేలు. ఒక ప్లగ్ రంధ్రానికి ప్లగ్గు బిగించి, రెండోదానికి పాత ప్లగ్గు లోపలి పింగాణీ పగలగొట్టి తీసిన ఇనుప డొక్కను బిగించి, బీపీ మిషను గొట్టాన్ని దానికి తొడగాలి. ముల్లు 300 గీత దాకా వచ్చేలా గాలి కొట్టండి, అది దాదాపు 6 పీఎస్ఐ ఒత్తిడి, అంతకు మించి కొట్టకూడదు. ఐదారు నిమిషాలు ముల్లు నిలిచిందంటే సీళ్ళు బాగున్నట్టు. కళ్ళముందే జారిపోతుంటే సబ్బు నురుగు పూస్తూ పోవాలి: ముందు మన బిరడాల చుట్టూ, తరువాత సిలిండర్ల అడుగున, ఆపైన ఎడమపక్క మూత విప్పి డైనమో వెనకాల. నురుగు ఎక్కడ బుడగలు కడితే అక్కడే లీకు. ఎక్కడా బుడగ లేకుండా ముల్లు జారుతుంటే, గేర్ ఆయిల్ పోసే మూత తీసి చెవి ఒగ్గితే కుడి సీలు గుండా పోయే సన్నటి బుస వినిపిస్తుంది. సీలు మార్చడం మెకానిక్ పని. ఏ సీలు పోయిందో తేల్చుకుని అతని ముందు పెట్టడం మన పని, లేకపోతే పొగ చూడగానే బోరు కొట్టించాలన్న (సిలిండర్ లోపలి గోడను చెక్కించి వెడల్పు చేయించాలన్న) మాటే ముందు వస్తుంది. ఒకసారి అలా అక్కర్లేని బోరు కొట్టించుకుని, అదే పొగతో ఇంటికి వచ్చాను.

తరువాత పాయింట్లు. ఆర్‌డీకి ఎడమపక్క మూత కింద రెండు సిలిండర్లకూ రెండు జతల పాయింట్లు ఉంటాయి. చెమ్మగాలికి వాటి మొహాల మీద బూడిదరంగు పొర పడుతుంది, నిప్పురవ్వ బలహీనపడుతుంది. సన్నరకం ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, పెట్రోలులో తడిపిన గట్టి కాగితం ముక్కను మధ్యన పెట్టి లాగితే పొడి అంతా పోతుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎడం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎడం సరిచేసిన తరువాతే టైమింగు (నిప్పురవ్వ పుట్టే క్షణం) చూడాలి, ఎందుకంటే ఎడం మారితే టైమింగు కూడా కదులుతుంది. పిస్టన్ పై కొసకు చేరడానికి 2 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడివడాలి. ప్లగ్ రంధ్రంలో పిస్టన్ కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ బిగించి, పై కొస దగ్గర సున్నా పెట్టి, ఇంజన్‌ను వెనక్కి మూడు నాలుగు మిల్లీమీటర్లు తిప్పి, మళ్ళీ ముందుకు తెస్తూ 2 దగ్గర ఆగాలి. చిన్న 12 వోల్టుల బల్బుకు ఒక తీగ పాయింటు స్ప్రింగుకు, ఇంకొకటి ఇంజన్ బాడీకి తగిలించి తాళం తిప్పి ఉంచితే, పాయింట్లు విడివడే క్షణాన బల్బు వెలుగుతుంది. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడాలి. కంటి అంచనాతో పెట్టే మెకానిక్కులు ఉన్నారు, అనుభవజ్ఞులే కావచ్చు. అయినా టైమింగు తప్పితే పిస్టన్ నెత్తిన చిల్లు పడే బండి విషయంలో నేను గేజ్‌నే నమ్ముతాను.

మిశ్రమాన్ని ఇంజన్‌లోకి రానిచ్చి వెనక్కి పోనివ్వని రేకులున్న రీడ్ వాల్వులను విప్పి వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, రేకు అంచున సందు గాని పగులు గాని కనబడితే మార్చాలి. సైలెన్సర్ చివర బోల్టు విప్పితే లోపలి గొట్టం బయటికి వస్తుంది, దానికి పట్టిన బొగ్గును గోకెయ్యాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను మిగతా బండ్లకంటే రెండింతలు తరచుగా చూడాలి. మన ఆర్‌డీకి ముందు చక్రానికి కూడా డ్రమ్ము బ్రేకే, కొత్తలోనే దానికి మంచి పేరు లేదు. డ్రమ్ములో పట్టిన తుప్పును ఎమరీతో తీసి, బ్రేక్ క్యామ్‌కు చిటికెడు గ్రీజు మాత్రమే పెట్టండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

వరద నీళ్ళలో మునిగిన బండి సంగతి వేరు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు వైపు నీళ్ళు చేరినప్పుడు, మళ్ళీ 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లోనూ ఈ పని పడింది. మునిగిన బండికి కిక్కర్ కొట్టకూడదు, తాళం కూడా తిప్పకూడదు. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. క్రాంక్ కేసులోకి నీళ్ళు చేరిన ఆర్‌డీకి హెడ్డు, సిలిండర్లు ఊడదీయక తప్పదు. ఇంజన్‌ను ఫ్రేములోనే ఉంచి ఆ పని చేయవచ్చు. లోపలి నీటిని గుడ్డతోనూ సిరంజితోనూ తీసి, టూ-టీ ఆయిల్ కలిపిన డీజిల్‌తో బేరింగులను తడిపి తిప్పుతూ రెండు మూడుసార్లు కడిగి, ఆరిన తరువాత ఉత్త ఆయిల్ పట్టించాలి. మొదటి రెండు మూడు రోజుల్లో ఈ పని జరిగితే క్రాంక్ దక్కవచ్చు. వారం దాటి, నీళ్ళలో ఉప్పు కూడా ఉంటే, క్రాంక్ విప్పి కొత్త బేరింగులు వేయించుకోవడానికి సిద్ధపడాలి.

సంక్రాంతికి బండిని లేపేటప్పుడు తొందరపడకండి. ఎర్రగుడ్డలు తీసి, ప్లగ్గులు విప్పి, కిక్కర్‌ను పదిసార్లు దించితే లోపల నిలిచిన ఆయిల్ చిమ్ముతుంది. కొత్త ప్లగ్గులు వేసి, ట్యాంకులో మొదట రెండు లీటర్ల పెట్రోలే పోసి, ఆయిల్ పంపు ఉన్నా సరే లీటరుకు 30 మిల్లీలీటర్ల చొప్పున టూ-టీ ఆయిల్ కలపండి. పంపు గొట్టాల్లో గాలి ఏమైనా ఉంటే అది పోయేదాకా ఇదే రక్ష. పంపు మీది గాలి స్క్రూ వదులుచేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనిచ్చి బిగించాలి. స్టార్ట్ కాగానే పొగ దట్టంగా వస్తుంది, కంగారుపడనక్కర్లేదు. పది కిలోమీటర్లు పోయినా తగ్గకపోతేనే కుడి సీలును అనుమానించాలి.

నలభై యాభై కిలోమీటర్లు తిరిగి వచ్చిన తరువాత ప్లగ్గులు రెండూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఎండిన మట్టిరంగులో ఉంటే బండి సిద్ధం. రెండూ నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పంపు సెట్టింగు, చోకు చూడాలి. ఒకటి మట్టిరంగు, ఒకటి సున్నంలా తెల్లగా ఉంటే ఆ తెల్లటి సిలిండర్ పైలట్ జెట్టునూ, ఇన్‌టేక్ రబ్బరునూ, ఆ పక్క సీలునూ మళ్ళీ పరీక్షించేదాకా బండిని హైవే ఎక్కించకండి.